పంక్తి విరిగిన చోట

కిందటి వారం మనం కలీనాను అద్దాల తలుపుకి ఇవతల నిలబెట్టి వదిలేశాం. అవతల గెర్వాజీ, ఓల్షింకా ఆనకట్ట ఇంజనీరు, తడిసి ముద్దయిన కోటుతో నిలబడి ఒక కాగితాన్ని అద్దానికి అరచేత్తో అదిమిపట్టాడు. ఈస్టరు ముందరి శనివారం, ఆఫీసుకి సెలవు. వ్రోత్స్వావ్ నగరమంతా గుడ్లు ఉడకబెట్టుకుంటూ ఉంటే ఈవిడ ఒక్కతే వచ్చి పనిలో కూర్చుంది. ఆ కాగితం మీద ఒక పొడుగాటి సూత్రం అచ్చయి ఉంది. దాని కింద ఎర్ర సిరాతో ఒకే వాక్యం: "మీ గుడ్లగూబ మా ఊరిని ముంచబోతోంది."

గుడ్లగూబ అంటే సోవా. కలీనా వాళ్ల చిన్న కంపెనీ తయారుచేసిన గణిత సాఫ్ట్‌వేరుకి అది పేరు. ఇక్కడివాళ్లకి గుడ్లగూబ చదువుకి గుర్తు, అందుకని ముచ్చటపడి పెట్టుకున్నారు. తెలుగువాళ్ల ఇంటి కప్పు మీద అది వాలితే శాంతి చేయిస్తారని నేను ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాళ్లే గాని విన్నవాళ్లు లేరు. సరే, కథలోకి వద్దాం.

కలీనా తలుపు తీసింది.

గెర్వాజీ నమస్కారం కూడా పెట్టలేదు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి కళ్లజోడు కోసం కోటు జేబులన్నీ దాని మీద దులిపాడు. నలిగిన చేతిరుమాలు, కొయ్యబిళ్ల తగిలించిన ఇనుప తాళంచెవి, మనవరాలు రంగులు పూసిన గుడ్డు ఒకటి, అన్నిటికన్నా చివర కళ్లజోడు బయటపడ్డాయి.

"కూర్చోండి ఇంజనీరు గారూ. టీ పెడతాను," అంది కలీనా.

"టీ తాగడానికి కొండలు దిగి రాలేదమ్మా. మీ సోవా లెక్క తప్పింది. ఆ తప్పు లెక్క మా గేట్లను నడుపుతోంది."

"సోవా లెక్క తప్పదు."

"ఆ మాట పొద్దున నేనూ అనుకున్నాను."

అతను చెప్పిన సంగతి ఇది. ఆనకట్ట వెనక నీళ్లు ఎంతవరకు నిలబెట్టొచ్చో చెప్పే సూత్రం ఒకటుంది. కొండల మీద మంచు ఎక్కువ ఉంటే, అది కరిగి వచ్చేసరికి చోటు కావాలి గనక, జలాశయంలో నీళ్లు అంత తక్కువ ఉంచాలి. గేట్ల యంత్రంలో పాత పట్టికలుండేవి. వాటి బదులు గెర్వాజీ సోవాతో ఆ సూత్రాన్ని కొత్తగా సాధించి ఆ యంత్రానికి ఎక్కించాడు. పోయిన ఏడాదంతా పద్ధతిగానే నడిచింది. ఈ ఏడు కొండల మీద మంచు విపరీతంగా పడింది. ఇప్పుడు ఎండలు, వాటి మీద వానలు.

"రాత్రి పైన మళ్లీ మంచు పడి ఈ పొద్దున కొలత పెరిగింది. పెరిగితే యంత్రం ఏం చెప్పాలి? గేట్లెత్తు, నీళ్లు వదులు అనాలి. అది గేట్లు దించింది. ఇంకా పట్టు, ఇంకా చోటుంది అంటోంది. మంచు ఎంత పెరిగితే అంత ధీమాగా చెబుతోంది. నా సర్వీసులో నీళ్లకి భయపడ్డాను గాని, యంత్రం ధైర్యానికి ఇలా భయపడలేదు."

"చేత్తో ఎత్తించకపోయారా?"

"చేత్తోనా!" గెర్వాజీ చేదుగా నవ్వాడు. "నా ముందు పనిచేసినాయన తొందరపడి చేత్తో ఎత్తి పొలాలు ముంచాడని, అప్పటినుంచి మనిషి చెయ్యి పడకూడదని రూలు పెట్టారు. యంత్రం మాటే వేదం. యంత్రం తెర మీద పచ్చదీపం వెలుగుతుంటే, గేట్లెత్తే చక్రం ముట్టుకోడానికి జిల్లా ఆఫీసు ఒప్పుకోవాలి. అక్కడున్న పెద్దమనిషి నన్నడిగాడు, 'లెక్క తప్పని మీకు అనుమానమా, రుజువా?' అని. రుజువు కోసం వచ్చాను."

కలీనాకి మొదట గుర్తొచ్చింది సోవా కాదు. ఓల్షింకాలో వాళ్ల పెద్దమ్మ ఉంది. ఏటి ఒడ్డున, చర్చి వెనక వీధిలో. కలీనాని పెంచింది ఆవిడే.

ఆమె కుర్చీ లాక్కుని గెర్వాజీ సూత్రాన్ని సోవాలో మళ్లీ మొదటినుంచి సాధించింది. తెర మీద అది అచ్చు పుస్తకంలో పేజీలా విచ్చుకుంది. భాగహారానికి సన్నటి గీత, వర్గమూలానికి పైకప్పు, ఘాతాలు వాటి చోట్లలో చిన్నచిన్నగా, బ్రాకెట్లు లోపలి సరుకుని బట్టి పొడుగ్గా. తక్కిన సాఫ్ట్‌వేర్లు సూత్రాన్ని చీమలబారులా ఒకే వరసలో కక్కి చేతులు దులుపుకునే రోజుల్లో, చూడముచ్చటగా చూపించే పని కలీనా తన నెత్తిన వేసుకుంది. సోవాని కొన్నవాళ్లలో సగంమంది దాని తెలివికి కాక, ఆ అందానికే కొన్నారు.

"చూడండి. మంచు పదం ముందర ఏముంది?"

గెర్వాజీ ముక్కు మీదికి కళ్లజోడు జరుపుకున్నాడు. "మైనస్."

"లోపల సోవా దాచుకున్న రూపంలోనూ మైనసే. ఇదిగో. లెక్క సరిగ్గానే ఉంది. తప్పు మీ గేట్ల యంత్రంలో ఉండాలి."

"నా కాగితంలో కూడా మైనసే ఉందమ్మా. అదే నా ఏడుపు. ఇక్కడ మైనస్, కాగితం మీద మైనస్, అక్కడికెళ్లేసరికి ప్లస్. మధ్యలో ఏ దెయ్యం పట్టింది?"

కలీనా కాగితాన్ని తెర పక్కన పెట్టి మళ్లీ పోల్చి చూసింది. వాన కిటికీని కొడుతూనే ఉంది. అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కంపెనీ యజమాని సెవెరిన్. పక్క వీధిలోనే ఇల్లు, గెర్వాజీ వచ్చే దారిలో ఫోన్ చేసి తిట్టిన తిట్లకి పరుగున వచ్చాడు. ఒకప్పుడు విశ్వవిద్యాలయంలో కలీనాకి పాఠం చెప్పిన మనిషి. చొక్కా చేతుల మీద ఇంకా పిండి ఉంది, ఇంట్లో కేకు కలుపుతూ కలుపుతూ వచ్చినట్టున్నాడు.

"పండగ పూట ఏమిటీ గోల? కలీనా, ఈయనకి ఏమీ ఒప్పుకోలేదు కదా నువ్వు?"

"ఒప్పుకోడానికి ఇంకా ఏమీ దొరకలేదు ప్రొఫెసర్ గారూ."

"అదీ అలా ఉండు."

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. దొరక్కపోతే చాలు అన్నట్టుంది ఆయన ధోరణి. ఆమె గెర్వాజీ వైపు తిరిగింది.

"ఇంజనీరు గారూ, సూత్రాన్ని ఇక్కడినుంచి అక్కడికి ఎలా పట్టుకెళ్లారు? టైపు చేశారా?"

"అంత పొడుగు సూత్రం టైపు చేస్తే నా వేళ్లే తప్పు చేస్తాయి. తెర మీద కనబడ్డదాన్ని మౌసుతో గీసి, కాపీ కొట్టి, పెన్‌డ్రైవులో వేసుకుని గేట్ల యంత్రంలో అతికించాను. మా యంత్రానికి బయటి తీగలేవీ ఉండవు, భద్రత కోసం. మీ పుస్తకంలో అలాగే చెయ్యమన్నారుగా, కంటికి కనబడ్డదే చేతికి వస్తుందని!"

అన్నారు. ఆ వాక్యం రాసింది కలీనాయే. గర్వపడుతూ రాసింది.

"ఇప్పుడు ఇక్కడ అలాగే చెయ్యండి."

చేశాడు. అతికిస్తే మైనస్ మైనస్‌గానే వచ్చింది. సెవెరిన్ ఊపిరి పీల్చుకుని, "చూశారా? మా వైపు ఏ లోపమూ లేదు. ఇక పండగ చేసుకుందాం," అన్నాడు.

గెర్వాజీ లేవలేదు. తెర వైపు అసూయగా చూస్తూ గొణిగాడు. "మీది రాజుగారి తెరమ్మా. ఎంత వెడల్పు! మా దగ్గరున్నది చిన్నది. సూత్రం ఒక పంక్తిలో పట్టక కిందికి విరిగిపోయేది."

కలీనా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈ దేశంలో సూత్రం పొడుగై పంక్తిలో పట్టకపోతే, విరిగిన చోట ఉండే గుర్తుని రెండుసార్లు వేస్తారు. పై పంక్తి చివర ఒకసారి, కింది పంక్తి మొదట మళ్లీ ఒకసారి. చదివేవాడి కన్ను కిందికి దిగే లోపల ప్లస్సో మైనస్సో మర్చిపోకూడదని. బడిపిల్లలు నోటుపుస్తకాల్లో కూడా అలాగే రాస్తారు, రెండోది లెక్కలోకి రాదని అందరికీ తెలుసు. ఎవరూ ఎవరికీ చెప్పరు. కలీనా పెద్దమ్మ అపోలోనియా, సీసపు అక్షరాల కాలంలో అచ్చాఫీసులో గణిత పుస్తకాలు కూర్చిన మనిషి, పరాయి దేశాల పుస్తకాల్లో ఒక్క గుర్తుతో సరిపెట్టిన పంక్తి కనబడితే "గుండీలు పెట్టుకోకుండా బజారుకొచ్చాడే వీడు" అనేది. ఆ పెద్దమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్న మర్యాదని కలీనా సోవాకి నేర్పింది. ఇలా చూపించే సాఫ్ట్‌వేరు ఇంకోటి లేదని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు కూడా.

ఆమె కిటికీ అంచు పట్టుకుని లాగినట్టు తెర మీది గడిని ఇరుకు చేసింది. సూత్రం ముడుచుకుంది, ముడుచుకుని విరిగింది. సరిగ్గా మంచు పదం ముందర. పై పంక్తి చివర మైనస్. కింది పంక్తి మొదట మైనస్.

"ఇప్పుడు కాపీ చెయ్యండి," అంది. మౌసు అతని వైపు జరిపింది.

గెర్వాజీ గీసి, కాపీ కొట్టి, అతికించాడు. రెండు పంక్తులూ ఒకటయ్యాయి. మైనస్ పక్కన మైనస్ వచ్చి కూర్చుంది. యంత్రానికి మర్యాదలేం తెలుస్తాయి? దానికి తెలిసింది బీజగణితం. మైనస్ మైనస్ ప్లస్.

"అమ్మ దేవుడో," అన్నాడు గెర్వాజీ.

కలీనాకి ఇప్పుడు అర్థమైంది. ప్లస్ రెండుసార్లు వస్తే నష్టం లేదు. సమానం గుర్తు రెండుసార్లు వస్తే ఏ యంత్రమైనా గోలపెడుతుంది, ఆ గోల ఒకసారి విని దాన్ని సరిచేసింది కూడా. మైనస్ ఒక్కటే నోరెత్తకుండా ప్లస్సయి కూర్చుంటుంది. అది తనకి తట్టలేదు. తను ఆఫీసులో పరీక్షించి చూసుకున్నదంతా వెడల్పు తెరల మీదే. 

"పోయిన ఏడు ఎందుకు బయటపడలేదు?" సెవెరిన్ అడిగాడు, ఎవరినీ చూడకుండా.

"పోయిన చలికాలం మంచేదండీ?" గెర్వాజీ అరిచాడు. "సున్నా ముందర ప్లస్సుంటేనేం, మైనస్సుంటేనేం! ఇప్పుడుంది మంచు. కొండంత ఉంది. ఫోన్ కలుపుతున్నాను, మీ కంపెనీ మాటగా ఆ జిల్లా ఆయనకి ఒక్క ముక్క చెప్పండి. చాలు."

సెవెరిన్ చొక్కా మీది పిండి దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు. "మంగళవారం. పండగ అయిపోగానే సవరణ పంపిద్దాం, కొన్నవాళ్లందరికీ. మర్యాదగా, పద్ధతిగా. ఇవాళ నోటిమాటగా ఒప్పుకుంటే రేపు ఆ ఊళ్లో గడ్డివాము తడిసినా మన నెత్తికే చుడతారు."

"మంగళవారానికి గడ్డివాము కాదు సార్, ఊరుండదు."

"మీరు భయపెడుతున్నారు."

"భయపడండి మరి! నేనొక్కణ్ణే ఎంతసేపు భయపడను?"

ఫోన్ కలిసింది. గెర్వాజీ దాన్ని బల్ల మీద పెట్టి స్పీకరు తెరిచాడు. జిల్లా ఆఫీసు మనిషి నోట్లో ఏదో నములుతూ మాట్లాడాడు. "మళ్లీ మీరేనా ఇంజనీరు గారూ? ఇక్కడ పచ్చదీపమే వెలుగుతోంది. ఆ సాఫ్ట్‌వేరు వాళ్లెవరైనా ఉన్నారా మీ పక్కన?"

సెవెరిన్ పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడు. కలీనా ముందుకి వంగింది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, చాలా నెమ్మదిగా, పాఠం చెప్పే రోజుల్లోని గొంతుతో అన్నాడు. "ఆ ఫోన్‌లో నీ పేరు చెప్పావంటే ఇక ఈ మెట్లెక్కకు కలీనా. ఇక్కడే కాదు, ఎక్కడా ఎక్కలేవు. ఎవరు పనిస్తారు నీకు?"

ఆమె చెయ్యి విడిపించుకుంది. పెద్దమ్మ ఇంటి వెనక ఏరు ఎంత దగ్గరో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు వంటింటి కిటికీలోంచి రాళ్లేసేది అందులోకి.

"నా పేరు కలీనా ద్రోజ్ద్. సోవాలో సూత్రాలను తెర మీద చూపించే భాగం రాసింది నేను. అందులో తప్పుంది, నాదే. మంచు పదం గుర్తు తిరగబడింది. మీ యంత్రం చెప్పేది నమ్మకండి. గేట్లు చేత్తో ఎత్తించండి. ఈ మాట ఎక్కడ చెప్పమన్నా చెబుతాను."

అవతల నమలడం ఆగింది. "ఇంకోసారి చెప్పండి మేడమ్. రికార్డు చేసుకుంటున్నాను."

ఇంకోసారి చెప్పింది. ఒక్క మాటా మార్చలేదు.

"సరే. ఎత్తించండి ఇంజనీరు గారూ. ఊరి హెచ్చరిక సైరన్ మాత్రం పైవాళ్లు ఒప్పుకుంటేనే మోగుతుంది. వాళ్లెక్కడున్నారో చూస్తాను, పండగ కదా..." ఫోన్ ఆగింది.

సెవెరిన్ కుర్చీలో కూలబడ్డాడు. గెర్వాజీ అప్పటికే ఆనకట్ట మీదున్న కాపలాదారు బ్రూనోకి ఫోన్ కలిపి అరుస్తున్నాడు. "చక్రం తిప్పు! అవును, చేత్తోనే! ఒప్పుకున్నారు! అన్ని గేట్లూ!" అని, ఫోన్ చెవికి ఆనించుకునే కలీనా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఇప్పుడు వదిలే నీళ్లు కూడా తక్కువేం కాదు. ఏటి ఒడ్డు వీధుల్లోకి వస్తాయి. పైకి వెళ్లిపొమ్మని ఎవరైనా చెప్పాలి. సైరన్ మీద నాకు నమ్మకం లేదు."

కలీనా తన ఫోన్‌లో పెద్దమ్మకి కలిపింది. వెనక జనం సందడి, పిల్లల కేకలు, ఎండిన కొయ్య మీద కొయ్య కొడుతున్న టకటక.

"ఏవే పిల్లా! పండగ పూట గుర్తొచ్చానా? పండగ తిండి బుట్ట ఫాదర్ గారి దీవెనకి తెచ్చాను. గుడ్లు, ఉప్పు, ముల్లంగి అన్నీ పెట్టాను గాని సాసేజి మర్చిపోయాననుకో..."

"పెద్దమ్మా, ఎక్కడున్నావు?"

"చర్చి ముందర, ఇంకెక్కడ! ఊరంతా ఇక్కడే ఉంది. వానలో నిలబెట్టారు ఫాదర్ గారు, ఆయనకేం, గొడుగు పట్టేవాళ్లున్నారు."

చర్చి ఏటి ఒడ్డునే. ఊరంతా ఏటి ఒడ్డునే.

"పెద్దమ్మా, నీళ్లొస్తున్నాయి. అందర్నీ కొండ మీది బడికి పంపించు. ఫాదర్ గారికి చెప్పి గంటలు కొట్టించు."

"పిచ్చి పట్టిందా? ఇవాళ గంటలు కొట్టరే. గురువారం నుంచి రేపు ప్రభువు లేచేదాకా గంట మోగకూడదు. వినబడటంలా, గంటకి బదులు కొయ్యలు కొడుతున్నారు. అయినా ఆనకట్టవాళ్లు పొద్దునే చెప్పారు, యంత్రం చూసింది, అంతా క్షేమమని."

"ఆ యంత్రంలో ఉన్నది నా తప్పే పెద్దమ్మా." ఆమెకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. "పంక్తి విరిగిన చోట మైనస్ రెండుసార్లు వేశాను, నువ్వు నేర్పినట్టే. యంత్రం రెండూ లెక్కలోకి తీసుకుంది."

 ఇంజనీరుకి, ప్రొఫెసరుకి అరగంట పట్టిన సంగతి ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది. జీవితమంతా ఆ రెండో గుర్తుని చేత్తో ఏరి పేర్చిన మనిషి.

"రెండూ తీసుకుందా," అంది అపోలోనియా మెల్లగా. తర్వాత, "ఈ బుట్ట పట్టుకో మార్తా," అని పక్కన ఎవరితోనో అంది. "ఫాదర్ గారు ఒప్పుకోరు. ఒప్పుకునేదాకా ఆగితే అయినట్టే. గంట తాడుకి తాళం వెయ్యరుగా. ఫోన్ పెట్టెయ్యకు."

మెట్లెక్కుతున్న ఆయాసం వినబడింది. ఎవరో కేకలేస్తున్నారు, "అపోలోనియా గారూ! ఏమిటా పని! పాపం!" అని. ఆ తర్వాత గంట మోగింది. మూగ శనివారం నాడు, ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ వినని వేళ, గంట మోగింది. అది ఎంత పెద్ద కీడు లేకపోతే మోగుతుందో అక్కడ పిల్లలకి కూడా తెలుసు. జనం పరుగు మొదలైన చప్పుడు కలీనాకి స్పష్టంగా వినబడింది. ఆమె కళ్లు మూసుకుంది.

"ఏమిటి బ్రూనో? ఏమంటున్నావు?" గెర్వాజీ గొంతు మారింది. ఫోన్ బల్ల మీద పెట్టాడు, అందరికీ వినబడేలా.

బ్రూనో రొప్పుతున్నాడు. వెనకాల నీటి హోరు. "ఎత్తాను సార్. మోచేతులు పడిపోయేలా తిప్పి ఎత్తాను. నేను చక్రం వదలగానే అదే దిగిపోతోంది. మీ యంత్రం దించేస్తోంది సార్, పట్టు పట్టు అంటూ. నీళ్లకీ కట్ట అంచుకీ మధ్య ఇంక జానెడు లేదు."

"యంత్రాన్ని ఆపు! గదిలోకెళ్లి మెయిన్ పీకెయ్!"

"పీకేద్దామనే వచ్చాను. ఇనుప తలుపుకి తాళం వేసి ఉంది. పొద్దున మీరే వేశారు, ఎవరూ ముట్టుకోకూడదని. తాళంచెవి ఎక్కడ పెట్టారు సార్?"

గెర్వాజీ చెయ్యి కోటు జేబులోకి వెళ్లి ఉత్తగా తిరిగొచ్చింది. అతని చూపు బల్ల మీదికి వెళ్లింది, దాని వెంట సెవెరిన్ చూపు, కలీనా చూపు. చేతిరుమాలుకి, రంగుల గుడ్డుకి మధ్య, కొయ్యబిళ్ల తగిలించిన ఆ తాళంచెవి అక్కడే పడి ఉంది.

కలీనా చెవి దగ్గర, ఫోన్‌లో మోగుతున్న గంట ఆగిపోయింది.